టచ్ ఉన్న ల్యాప్‌టాప్ కొనాలా?

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ముగిసి ఇంజనీరింగ్ సీట్లు ఖరారయ్యే రోజుల్లో మన కల్వకుర్తి చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఒకటే చర్చ నడుస్తుంది. వెల్దండలోనైనా, వంగూరులోనైనా, ఊర్కొండలోనైనా మాట అదే: పిల్లవాడికి ల్యాప్‌టాప్ కొనాలి. పోయిన పంట పైసల్లోంచి కొంత పక్కన పెట్టి ఉంటారు, లేదంటే చిట్టీ ఎత్తుతారు. దుకాణంలో నిలబడ్డాక అబ్బాయి మెల్లగా అంటాడు: "నాయినా, టచ్‌ది తీస్కుందాం." తండ్రి దుకాణదారు వైపు చూస్తాడు. "టచ్‌దైతే ఎంత ఎక్కువైతది సేటూ?" ఆయన కొన్ని వేల లెక్క చెప్తాడు. ఆ కొన్ని వేలు పెట్టాలా వద్దా అన్నది అక్కడే, ఫ్యాను కింద నిలబడే తేలిపోవాలి. వెనక ఇంకో బేరం కాచుకొని ఉంటుంది మరి.

ఈ పూట ఆ నిర్ణయం గురించే మాట్లాడుకుందాం.

అంతకంటే ముందు మీకో చిన్న పని. కూర్చున్న చోటే కుడిచెయ్యి ముందుకు చాచండి. ఎదురుగా ల్యాప్‌టాప్ తెర నిలువుగా ఉందనుకొని, దాని మీద చూపుడువేలు ఆనించినట్టు పెట్టండి. మోచెయ్యి దేనికీ ఆనకూడదు. అట్లాగే ఉంచి వినండి, నేను మధ్యలో అడుగుతాను. బండి నడుపుతూ వింటున్నవాళ్లు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

పిల్లవాడు టచ్ కావాలనడంలో వింతేమీ లేదు. పాలమూరు పల్లెల్లో ఎక్కువమంది చూసిన మొదటి కంప్యూటర్ జేబులో పట్టేది, అంటే ఫోను. 2007లో ఐఫోన్ వచ్చాక ఫోన్ల మీది బటన్లు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్ ఖర్చు తగ్గి, ఆ బటన్లు లేని ఫోన్లు ఊరూరికీ చేరాయి. ఆ తర్వాత పెరిగిన పిల్లలకు తెర అంటేనే వేలితో జరిపేది. నడక రాని పాప టీవీ తెర మీద కూడా వేలు పెట్టి బొమ్మను పక్కకు జరపబోవడం మీరందరూ చూసే ఉంటారు. అట్లాంటి పిల్లవాడు కాలేజీకొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే వేలు తనంతట తనే తెర మీదికి పోతుంది. అది పలకకపోతే యంత్రమే పాతదనుకుంటాడు.

అసలు తాకితే తెరకు ఎట్లా తెలుస్తుంది? ఇప్పటి ఫోన్లలో, ల్యాప్‌టాపుల్లో అద్దం కింద కంటికి కనపడని పలుచని పొర ఉంటుంది. కరెంటును పోనిస్తూనే వెలుతురును కూడా పోనిచ్చే పదార్థం అది. ఎక్కువగా ఇండియం టిన్ ఆక్సైడ్ వాడతారు. అందులో అడ్డంగా, నిలువుగా గీతలు పరిచి, వాటిలో అతి కొద్ది విద్యుదావేశం నింపి ఉంచుతారు. మన ఒంట్లో నీరూ ఉప్పూ ఉన్నాయి కాబట్టి మనమూ కరెంటును పోనిస్తాం. వేలు దగ్గరికి రాగానే అక్కడి ఆవేశం కాస్త మారుతుంది. ఏ అడ్డగీతా ఏ నిలువుగీతా కలిసే చోట మారిందో లోపలి చిప్పు లెక్కగట్టి, ఇదిగో ఇక్కడ తాకారని చెప్తుంది. ఈ లెక్క సెకనుకు ఎన్నోసార్లు, తాకినా తాకకపోయినా జరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, బ్యాటరీ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

అంటే ఇక్కడ ఒత్తిడితో పని లేదు. గుడ్డ తొడుగు వేసుకున్న వేలు ఎంత నొక్కినా తెరకు తెలియదు. నీటి చుక్క పడితే అదీ వేలే అనుకొని తికమక పడుతుంది. పత్తి ఏరి ఏరి, పార పట్టి పట్టి చర్మం మొద్దుబారిన వేలు తాకితే ఒక్కోసారి పలకదు. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడక ఇబ్బంది పడేదీ ఎక్కువగా ఆ చేతులే. ఆ యంత్రం తీరు వేరు, ఈ తెర తీరు వేరు, చెయ్యి మాత్రం అదే. కొడుకు తాకితే చప్పున కదిలే తెర తండ్రి తాకితే మొరాయించడానికి ఇది ఒక కారణం. ఆయనకు రాక కాదు.

ఇదంతా నిన్నమొన్న పుట్టిన విద్య అనుకుంటాం గానీ, దీని వయసు చాలామంది శ్రోతల వయసు కంటే ఎక్కువ. ఇంగ్లండులో మాల్వెర్న్ అనే ఊళ్లో రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్ అనే సంస్థ ఉండేది. అందులో పనిచేసిన ఎరిక్ జాన్సన్ 1965లోనే తాకే తెర గురించి వ్యాసం ప్రచురించాడు. ఆకాశంలో విమానాల రాకపోకలను నడిపించేవాళ్ల పని తేలిక చేయాలని ఆయన ఆలోచన. 1972లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్లేటో అనే కంప్యూటర్ పాఠాల ఏర్పాటులో తాకే తెరలు పెట్టారు. పిల్లలు జవాబు మీద వేలు పెడితే చాలు. తెరను అడ్డంగా పదహారు, నిలువుగా పదహారు గళ్లుగా చూసే మోటు ఏర్పాటది, అయినా చదువుకు చక్కగా పనికొచ్చింది.

అసలు పాఠం 1983లో దొరికింది. హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ ఆ ఏడు హెచ్‌పీ 150 అనే బల్ల మీది కంప్యూటర్ తెచ్చింది. తెర చుట్టూ సన్నటి రంధ్రాలు పెట్టి, వాటిలోంచి కంటికి కనపడని కిరణాలు పంపించారు. వేలు అడ్డొస్తే కిరణం తెగుతుంది, ఎక్కడ తెగిందో యంత్రానికి తెలుస్తుంది. చూసినవాళ్లంతా ముచ్చటపడ్డారు. రోజూ వాడినవాళ్లకే అసలు సంగతి తెలిసింది.

ఏమండీ, చెయ్యి ఇంకా చాచే ఉందా? ఇక దించండి. భుజం దగ్గర కాస్త లాగుతోంది కదూ? కొందరు ఎప్పుడో దించేసి ఉంటారు, తప్పేమీ లేదు. నిలువు తెర మీద వేలితో పని చేసినవాళ్లందరికీ అయింది ఇదే. ఈ బాధకు ఇంజనీర్లు 'గొరిల్లా ఆర్మ్' అని పేరు పెట్టుకున్నారు. కాసేపటికి చెయ్యి బరువెక్కి, ఉబ్బినట్టయి, గొరిల్లా చెయ్యిలా అనిపిస్తుందట. ఎంత గొప్ప చిప్పు వేసినా, ఎంత స్వచ్ఛమైన అద్దం వేసినా ఈ బాధ తీరదు. అది భుజానికి సంబంధించిన సంగతి. భుజం 1983లో ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది.

ఫోనుకు ఈ బాధ ఎందుకు లేదని మీరడగవచ్చు. ఫోను ఒళ్లో ఉంటుంది, అరచేతిలో ఉంటుంది, బొటనవేలు ఒక్కటి కదిలితే సరిపోతుంది. ల్యాప్‌టాప్ తెర మూరెడు దూరంలో నిలబడి ఉంటుంది. చేతులేమో కింద కీబోర్డు మీద ఉంటాయి. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి ఆ రాకపోకల్లోనే అలసట ఉంది.

2010 అక్టోబరులో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఈ మాటే చెప్పాడు. నిలువు తెరను తాకడం చూడటానికి బాగుంటుందనీ, కాసేపు చేస్తే చెయ్యి ఊడి పడేలా ఉంటుందనీ ఆయన మాటల సారాంశం. ఆ మాట ప్రకారమే 2024 దాకా వచ్చిన మ్యాక్‌బుక్ ల్యాప్‌టాపుల్లో ఒక్కదానికీ తాకే తెర లేదు. మైక్రోసాఫ్ట్ మాత్రం ఎదురుదారి పట్టింది. 2012 అక్టోబరు 26న విండోస్ 8 విడుదల చేసి, కంప్యూటర్ మొత్తాన్ని వేలి కోసం మార్చేసింది. పెద్ద పెద్ద పలకలు, పక్కకు జరిపే తెరలు వచ్చాయి. ఎడమచేతి కింది మూల ఏళ్ల తరబడి ఉన్న స్టార్ట్ బటన్ తీసేశారు. మౌసుతో పనిచేసే ఆఫీసు మనిషి ఆ మూలకు పోయి వెతుక్కున్నాడు, దొరకలేదు. గోల గోలైంది. ఏడాది తిరిగేసరికి 8.1 పేరుతో బటన్ తిరిగొచ్చింది. 2015లో విండోస్ 10తో పాత తరహా స్టార్ట్ మెనూ కూడా తిరిగొచ్చింది. ఈలోగా అదే కంపెనీ, తాను తెచ్చిన సర్ఫేస్ ఆర్‌టీ పలకలు అమ్ముడుపోక, 90 కోట్ల డాలర్ల నష్టం లెక్కలో రాసుకుంది. టచ్ చెడ్డదని కాదు ఈ కథ చెప్పడం. కూర్చొని టైపు చేసుకునే మనిషిని తాకి తీరాలని బలవంతం చేస్తే వినడని మాత్రం తేలిపోయింది.

ఇంకో తమాషా కూడా ఉంది. ల్యాప్‌టాపుకు టచ్ వద్దన్న ఆపిల్ కంపెనీయే 2020 మార్చిలో తన ఐప్యాడ్‌కు ట్రాక్‌ప్యాడ్ వాడుకునే సౌకర్యం పెట్టింది. కీబోర్డు తగిలించుకొని టైపు చేసేవాళ్లు మాటిమాటికీ చెయ్యెత్తి తెర తాకలేకపోయారు మరి.

ట్రాక్‌ప్యాడ్ అన్నాను కదా, దాన్నే మనం టచ్‌ప్యాడ్ అంటాం. ల్యాప్‌టాప్ కొనేవాళ్లు పట్టించుకోని సంగతి ఇది: ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ తాకి పనిచేయించే పలక ఇప్పటికే ఉంది. కీబోర్డు కింద, అరచేతులు ఆనించే చోట, వేలు పెట్టి జరిపే ఆ నలుచదరపు ముక్క అదే విద్యుదావేశం లెక్కతో నడుస్తుంది. 1994లో ఆపిల్ పవర్‌బుక్ 500తో ఇది జనంలోకి వచ్చింది. రెండు వేళ్లతో జరిపితే పేజీ కదులుతుంది, రెండు వేళ్లు దూరం చేస్తే బొమ్మ పెద్దదవుతుంది, మూడు వేళ్లతో జరిపితే ఒక పని నుంచి ఇంకో పనికి పోవచ్చు. ఫోనులో చేసేవన్నీ ఇందులోనూ ఉన్నాయి. చెయ్యి ఎత్తాల్సిన పని లేదు. నా ఉద్దేశంలో ల్యాప్‌టాప్‌కు టచ్ ఎప్పుడో వచ్చింది, రావాల్సిన చోటికే వచ్చింది. చౌక యంత్రాల్లో ఆ పలక చిన్నగా, గరుకుగా ఉండటం మన దౌర్భాగ్యం. దుకాణంలో తెర తాకి చూసే పిల్లలు టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లు పెట్టి చూడరు. చూడాల్సింది అదే.

ఇక మన ఊళ్లో జరిగే పనుల సంగతికొద్దాం. తహసీల్ ఆఫీసుల దగ్గర, మీసేవా కేంద్రాల్లో, జిరాక్సు దుకాణాల్లో కూర్చొని పనిచేసే ఆపరేటర్లను గమనించండి. 2020 అక్టోబరు 29న ధరణి భూరికార్డుల పోర్టల్ వచ్చినప్పటి నుంచీ, దాని బదులు 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైన తర్వాతా భూమి పనంతా ఈ తెరల మీదే. సర్వే నంబరు, ఖాతా నంబరు, ఆధార్ నంబరు, విస్తీర్ణం ఎకరాల్లో గుంటల్లో. అన్నీ అంకెలు, చిన్న చిన్న గళ్లు. చేయి తిరిగిన ఆపరేటర్ మౌసును కూడా పెద్దగా ముట్టుకోడు. ఒక గడి నింపుతాడు, ట్యాబ్ కొడతాడు, తర్వాతి గడికి పోతాడు. కళ్లు కాగితం మీదుంటాయి, వేళ్లు వాటంతటవే పోతుంటాయి. అతనికి టచ్ తెర ఇస్తే పని వేగం తగ్గుతుంది.

2024 నవంబరు 6న రాష్ట్రమంతా మొదలైన ఇంటింటి కుటుంబ సర్వే ఇందుకు పెద్ద ఉదాహరణ. ఎన్యూమరేటర్లు ఇంటికొచ్చి 75 ప్రశ్నల ఫారం కాగితం మీదే నింపారు. ఆ తర్వాత ఆపరేటర్లు ఆ కాగితాలన్నిటినీ కంప్యూటర్లలోకి ఎక్కించారు. రాష్ట్రంలోని కుటుంబాల సంఖ్యను 75తో గుణించుకోండి, ఎన్ని గళ్లో! ఆ మహాయజ్ఞాన్ని నడిపించింది కీబోర్డు. 2027 జనగణన మొబైల్ యాప్‌తో చేస్తామని కేంద్రం ప్రకటించింది. అక్కడ టచ్ సరైనదే, ఎందుకంటే గుమ్మం ముందు నిలబడి ఒక చేత్తో పట్టుకొని రెండో చేత్తో నింపాలి. నిలబడి, తిరుగుతూ చేసే పనికి వేలు. కూర్చొని చేసే పనికి కీబోర్డు.

వేలి కొన సుమారు సెంటీమీటరు వెడల్పు ఉంటుంది. మౌసు బాణం మొన తెర మీద ఒకే ఒక్క చుక్కను చూపించగలదు. గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరంలో ఉంటే అంత సమయం పడుతుందని 1954లోనే పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సూత్రం కట్టి చూపించాడు. ఎక్సెల్ గడిలో ఒక అంకె దిద్దడానికి వేలు పెడితే పక్క రెండు గళ్లనూ కమ్మేస్తుంది. పైగా తాకబోయేదాన్ని వేలే కప్పేస్తుంది!

జిరాక్సు దుకాణాల్లో ఇంకో చిత్రం జరుగుతుంది. దరఖాస్తు సరిగ్గా ఉందో లేదో చూసుకొమ్మని ఆపరేటర్ ల్యాప్‌టాప్ తిప్పి పెడతాడు. అవతలి మనిషి, "ఇగో సార్, ఈడ ఇంటిపేరు తప్పు పడ్డది" అంటూ తెర మీద వేలు పెడతాడు. మామూలు తెరైతే మరకొక్కటే పడుతుంది. టచ్ తెరైతే ఆయన చూపిన చోట ఏ బటన్ ఉంటే అది నొక్కుకుపోతుంది. అరగంట నింపిన ఫారం మాయం. చూపించడానికి వేలు పెట్టడం మనిషి అలవాటు, దాన్ని ఆజ్ఞగా తీసుకోవడం యంత్రం అలవాటు. రెండింటికీ పొసగదు.

చదువుకునే పిల్లలకు దీనికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మన రాష్ట్రంలో ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీద రాస్తున్నారు. ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నాం. ఇంజనీరింగ్ వాళ్లకు 160 ప్రశ్నలు, మూడు గంటలు. అంటే ప్రశ్నకు నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. పరీక్షా కేంద్రంలో ముందుండేది మౌసు. జేఈఈ మెయిన్‌లోనైతే అంకెల జవాబును కూడా తెర మీది అంకెల పలక మీద మౌసుతో నొక్కి ఇవ్వాలి. ఇంట్లో ఫోను తప్ప ఏదీ ముట్టని పిల్ల, ఆ రోజు మౌసు పట్టుకొని బాణం ఎక్కడుందో వెతుక్కుంటుంటే ఆ సెకన్లు ఎవరిస్తారు? లెక్క వచ్చి కూడా బాణం రాక మార్కు పోవడం అన్యాయం. కల్వకుర్తి జూనియర్ కాలేజీల్లో చదివే పిల్లలు రాత్రి ఫోనులో ఎన్ని పాఠాలు చూసినా సరే, పరీక్షకు ముందు కొన్ని నమూనా పరీక్షలు మౌసుతో రాసి తీరాలి. కంప్యూటర్ లేనివాళ్లు కాలేజీ ల్యాబులో అడిగి రాయండి. మొహమాటపడకండి.

ఇంతవరకూ విన్నవాళ్లు, ఈయనకు టచ్ అంటే పడదని తీర్మానించి ఉంటారు. అట్లా ఏమీ లేదు. కొన్నిచోట్ల దానికి సాటి వచ్చేది లేదు.

2020 నాటి లాక్‌డౌన్ గుర్తు చేసుకోండి. సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటుగా ఆన్‌లైన్ పాఠాలు చెప్పిన లెక్కల మాస్టర్లు పడ్డ అవస్థ అప్పుడు చూడాలి. వర్గమూలం గుర్తు టైపు చేయలేరు. మౌసుతో రాస్తే కోడి గీకినట్టుంటుంది. కొందరు ఫోనును కుర్చీకి కట్టి, కింద కాగితం పెట్టి, దాని మీద రాసి చూపించారు. వాళ్ల చేతిలో, తెర మొత్తం వెనక్కి తిరిగి పలకలా బల్ల మీద పరుచుకునే ల్యాప్‌టాప్, దానికో పెన్ను ఉండి ఉంటే ఎంత బాగుండేది! ఇప్పుడు వాటిని దుకాణాల్లో టూ ఇన్ వన్ అంటారు, 360 డిగ్రీలు తిరిగేవి అంటారు. 2012లో లెనోవో యోగా పేరుతో వచ్చాక ఇలాంటివి బాగా పేరుకెక్కాయి. తెర పడుకుంటే మోచెయ్యి బల్ల మీద ఆనుతుంది. గొరిల్లా బాధ ఉండదు. జీవశాస్త్రం బొమ్మలు గీసే పిల్లలకు, ఆర్కిటెక్చర్ చదివేవాళ్లకు, సమీకరణాలు రాసే ఉపాధ్యాయులకు, చదువుతూ అంచున గీతలు పెట్టుకునేవాళ్లకు టచ్, పెన్ను రెండూ నిజమైన పనిముట్లు. పెన్ను సంగతి మాత్రం విడిగా అడగాలి. టచ్ ఉన్నంత మాత్రాన మంచి పెన్ను పనిచేస్తుందని లేదు. పెన్ను ఒత్తిడిని గుర్తించేవి వేరు, రబ్బరు మొన పుల్లతో పనిచేసేవి వేరు.

తెలుగు రాతకు కూడా ఇది పనికొస్తుంది. టైపు చేయడం రాని పెద్దలు ఎంతమందో ఉన్నారు. 2015లో గూగుల్ చేతిరాత సౌకర్యం తెచ్చినప్పుడు అది గుర్తుపట్టే 82 భాషల్లో తెలుగు కూడా ఉంది. ఫోను మీద వేలితో 'కల్వకుర్తి' అని రాస్తే అచ్చులో వస్తుంది. కవితలు రాసుకునే ఒక రిటైర్డ్ పంతులుగారికి ఇది వరమే. కానీ దాన్ని నిలబడి ఉన్న ల్యాప్‌టాప్ తెర మీద చేయమనండి. మొదటి మాట బాగుంటుంది, మూడో మాటకు చెయ్యి జారిపోతుంది. టైపు నేర్చుకోవాలనుకునేవాళ్లకు మాత్రం విండోస్‌లోనే 2019 నుంచి తెలుగు ఫోనెటిక్ కీబోర్డు ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులో పడుతుంది. దానికి టచ్ అక్కర్లేదు.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఈ మధ్య పెద్ద టచ్ ప్యానెళ్లు పెట్టారు కదా, అవీ నిలువుగానే ఉన్నాయి, మాస్టార్లకు భుజం నొప్పి రాదా అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న. నల్లబల్ల కూడా నిలువుదే, దాని మీద తరాల తరబడి రాశారు. ఉపాధ్యాయుడు నిలబడి ఉంటాడు, రెండు లైన్లు రాసి పిల్లల వైపు తిరుగుతాడు, ఆ కాసేపట్లో చేతికి విశ్రాంతి దొరుకుతుంది. కూర్చొని గంటల తరబడి తెరకు చెయ్యి చాచి ఉండడు. కాబట్టి ఆ ప్యానెళ్లకు టచ్ సరిగ్గా సరిపోయింది. కరెంటు ఉన్నప్పుడు.

చేతులు వణికేవాళ్లకు, మణికట్టు నొప్పితో మౌసు పట్టలేనివాళ్లకు, పెద్ద బటన్లు తాకి పని చేసుకోగలిగే దివ్యాంగులకు కూడా టచ్ ఒక దారి. వాళ్ల విషయంలో ఖర్చు లెక్క చూడకూడదు.

మిగతావాళ్లు మాత్రం ఖర్చు లెక్క చూడాలి. ఇందాక చెప్పిన ఆ పొర తాకినా తాకకపోయినా లెక్క కడుతూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీలో కొంత దానికే పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే ఆ కొంతే కావాల్సొస్తుంది. పైన అద్దం ఉంటుంది కాబట్టి బరువు పెరుగుతుంది. టచ్ తెరలు చాలావరకు మెరిసే అద్దంతో వస్తాయి. మన ఇళ్లలో వాకిట్లోనో, అరుగు మీదో కూర్చుంటే అందులో అక్షరాల కంటే మన మొహమే బాగా కనిపిస్తుంది. మిర్చిబజ్జీ తిన్న వేలి మరక సంగతి వేరే చెప్పాలా? ఇక పగిలితే, చాలావాటిలో అద్దం, టచ్ పొర, తెర అంటించి ఒకే ముక్కగా ఉంటాయి. అంతా కలిపి మార్చాలి. మామూలు తెర మార్చే దానికంటే బిల్లు బాగా ఎక్కువవుతుంది. ఆ ముక్క ఇక్కడ దొరక్కపోతే 80 కిలోమీటర్లకు పైగా పోయి సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కాలి.

అదే డబ్బు ర్యామ్ మీద, అంటే యంత్రం పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ మీద పెడితే? 8 జీబీ బదులు 16 జీబీ తీసుకుంటే నాలుగేళ్ల బీటెక్ అయ్యేదాకా యంత్రం ముక్కకుండా నడుస్తుంది. ర్యామ్ తక్కువ పెట్టి టచ్ కొనడం, బోరులో నీళ్లు చూడకుండా స్టార్టర్ డబ్బాకు రంగు వేయించడం లాంటిది. పైగా ఒక చిక్కు ఉంది. ఇప్పటి పలుచని ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకోలేం. టచ్ లేని లోటు అట్లా కాదు. రేపు బొమ్మలు గీయాల్సి వస్తే, యూఎస్‌బీకి తగిలించే పెన్ ట్యాబ్లెట్ విడిగా దొరుకుతుంది, బల్ల మీద పెట్టుకొని గీసుకోవచ్చు. తర్వాత తీర్చుకోగల లోటును వదిలేసి, తర్వాత తీర్చుకోలేని లోటు మీద ముందు డబ్బు పెట్టడం తెలివి.

దుకాణంలో ఒక పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, తెర పైభాగాన్ని చూపుడువేలితో, ఫోనును తాకినంత బలంతో తాకండి. తెర ఊగిందనుకోండి, ఆ టచ్ మీకు పనికిరాదు. ప్రతి తాకుడికీ అట్లాగే ఊగుతుంది, కళ్లు మండుతాయి. తర్వాత తెరను పూర్తిగా వెనక్కి తిప్పి బల్ల మీద పలకలా పరచమని అడగండి. తిరగదు అంటే ఆ టచ్ అలంకారం. ఇప్పటికే అట్లాంటిది కొన్నవాళ్లు బాధపడనక్కర్లేదు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ కింద టచ్ స్క్రీన్ అని ఉన్న వరుసను డిసేబుల్ చేస్తే టచ్ ఆగిపోతుంది. ఎవరైనా తెర మీద వేలు పెట్టి చూపించినా ఫారం మాయం కాదు. కావాలనుకున్నప్పుడు మళ్లీ అక్కడే ఎనేబుల్ చేసుకోవచ్చు.

మెరుపు చూసి మోసపోయే ఊరు కాదు మనది. 1989లో ముఖ్యమంత్రి హోదాలో ఉన్న ఎన్టీ రామారావును, అంతటి వెండితెర వేలుపును, ఓడించి చిత్తరంజన్ దాస్‌ను గెలిపించిన నియోజకవర్గం ఇది. అది మంచో చెడో రాజకీయాలవాళ్లు తేల్చుకుంటారు. ల్యాప్‌టాప్ తెర విషయంలో మాత్రం అదే మొండితనం కాస్త చూపించమంటాను.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. దుకాణానికి పోకముందే పిల్లవాడిని కూర్చోబెట్టి, "టచ్‌తో ఏం పని చేస్తవు బిడ్డా?" అని అడగండి. బొమ్మలు గీస్తాను, పెన్నుతో నోట్సు రాసుకుంటాను అంటే తెర పూర్తిగా తిరిగేదే కొనివ్వండి, వెనకాడకండి. దోస్తుల దగ్గర ఉంది అనడం తప్ప ఇంకో జవాబు రాకపోతే ఆ డబ్బు ర్యామ్‌కు పెట్టండి, మిగిలినదాంట్లో ఒక మంచి మౌసు కొనండి.